పెద్ద డ్రమ్ము కొనమన్నది నేనే

ముందే ఒప్పుకుంటున్నాను. ఈ వ్యాసం డ్రమ్ స్మోకర్ గురించి, అందులోనూ ఏ సైజుది కొనాలి అనే విషయం గురించి. నేనేమో ఇంతవరకు డ్రమ్ స్మోకర్‌ని వీడియో కాల్‌లో తప్ప చూడలేదు. అందులో వండిన ముక్క ఒక్కటీ తినలేదు. అయినా దీని మీద అభిప్రాయం చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. ఎందుకంటే నా మాట విని ఒక మనిషి తప్పు సైజు కొన్నాడు. ఆ మనిషి మా అన్నయ్య.

పెదనాన్న కొడుకు. అమెరికాలో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. చాలా ఏళ్ళు అపార్ట్‌మెంట్లలో ఉండి ఈమధ్యే ఇల్లు కొనుక్కున్నాడు. అపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్ళూ బొగ్గు వెలిగించే వీల్లేదు. అక్కడ చాలా ఊళ్ళలో ఫైర్ కోడ్ ప్రకారం అపార్ట్‌మెంట్ బాల్కనీలో గానీ, భవనానికి పదడుగుల లోపు గానీ బొగ్గు మంట పెట్టకూడదు. పెరడున్న ఇల్లు రాగానే ఆయన నాకు ఫోన్ చేసి అడిగింది ఇదే. "ఒరేయ్, డ్రమ్ స్మోకర్ కొందామనుకుంటున్నా. మూడు సైజులున్నాయి. నువ్వు కంప్యూటర్సే కదా, లెక్కలేసి చెప్పు."

కంప్యూటర్ సైన్స్ చదివేవాడికి వైఫై రౌటర్ దగ్గర్నుంచి మిక్సీ మోటారు దాకా అన్నీ తెలుసని మా ఇంట్లో గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ చెడగొట్టలేదు. ఆ రాత్రే స్ప్రెడ్‌షీట్ తెరిచాను.

చూడని వాళ్ళ కోసం చెబుతాను. డ్రమ్ స్మోకర్ అంటే నిలబెట్టిన ఇనప పీపా. అంతే. అడుగున బొగ్గు బుట్ట ఉంటుంది. పైన గుండ్రటి జల్లెడ లాంటి గ్రేట్ గానీ, అడ్డంగా రెండు కడ్డీలు, వాటికి కొక్కేలు గానీ ఉంటాయి. కింద గాలి పోయే రంధ్రాలు, పైన మూత, మూతకి పొగ పోయే దారి. గాలి ఎంత వదిలితే మంట అంత. 225 నుంచి 275 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య, అంటే మన లెక్కలో 107 నుంచి 135 సెల్సియస్ మధ్య, గంటల తరబడి మాంసం ఉడుకుతుంది. కొవ్వు కరిగి నేరుగా నిప్పుల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఆ చుక్క కాలి లేచిన పొగే మళ్ళీ మాంసానికి పడుతుంది. మిగతా స్మోకర్లలో మధ్యలో నీళ్ళ గిన్నో, రేకో అడ్డం పెడతారు. డ్రమ్ములో మామూలుగా ఏ అడ్డూ ఉండదు. దాని రుచి అంతా అందులోనే ఉందంటారు. ఈ పొగ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

ఇక సైజులు. మార్కెట్‌లో దొరికేవాటిని వ్యాసాన్ని బట్టి చూస్తే సుమారుగా మూడు రకాలు. 14 అంగుళాలది, 18.5 అంగుళాలది, 22.5 అంగుళాలది. మొదటిది ఇద్దరు ముగ్గురు మనుషులకి, కారు డిక్కీలో వేసుకుని క్యాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళకి. రెండోది 30 గ్యాలన్ల పీపా అంత. మూడోది అసలు సిసలు 55 గ్యాలన్ల పీపా, 208 లీటర్లు.

అంగుళాలు చూస్తే పెద్ద తేడా లేదనిపిస్తుంది. కానీ వండే చోటు పెరిగేది వ్యాసార్ధం స్క్వేర్‌తో కదా. 14 అంగుళాల గ్రేట్ 154 చదరపు అంగుళాలు. 18.5 ది 269. 22.5 ది 398. అంటే మధ్యదాని కంటే పెద్దదానికి నాలుగు అంగుళాలే ఎక్కువ, చోటు మాత్రం 48 శాతం ఎక్కువ. ధర అంత శాతం ఎక్కువ లేదు. చదరపు అంగుళానికి ఎన్ని డాలర్లు అని ఒక కాలమ్ వేశాను. పెద్దది గెలిచింది. ఆ గడికి ఆకుపచ్చ రంగు కూడా వేసి పంపాను.

అన్నయ్య కాస్త అనుమానించాడు. "ఉండేది మేం నలుగురమే కదరా, అందులో ఇద్దరు బుడ్డోళ్ళు" అన్నాడు. దానికి నేనిచ్చిన సమాధానం ఇప్పటికీ వాట్సాప్‌లో ఉంది. "చుట్టాలొస్తే ఏం చేస్తావ్ అన్నయ్యా?"

ఈ ఒక్క వాక్యం మీద మన తెలుగు ఇళ్ళల్లో ఎంత సామాను కొని ఉంటామో ఆలోచించండి. అటక మీద గంగాళం. ఏడాదికి ఒకసారి దిగే ఇరవై లీటర్ల డేగిసా. షోకేసులోంచి బయటికి రాని డిన్నర్ సెట్టు. ఎవరూ పడుకోని గెస్ట్ రూమ్ మంచం. వస్తువు కొనేటప్పుడు మనం రోజూ తినే మనుషుల్ని లెక్కపెట్టుకోం. రాబోయే జనాన్ని లెక్కపెడతాం. ఇందులో మంచితనం లేదని అనను. వచ్చినవాళ్ళకి సరిపోలేదంటే మనకి తల కొట్టేసినట్టుంటుంది. కానీ ఫస్టియర్ సి ల్యాబ్‌లో ఐదు నంబర్లు కూడడానికి వెయ్యి సైజు అర్రే పెట్టుకున్న బ్యాచ్ మనదే. ఎక్కువైతే ఏం పోయిందిలే అని. అర్రేలో ఖాళీ గడులకి ఖర్చు లేనట్టే అనిపిస్తుంది. డ్రమ్ములో ఖాళీ చోటుకి ఖర్చుంది.

అదెలాగో చెప్పే ముందు పార్టీ సంగతి చెప్పాలి.

గృహప్రవేశం అయిన రెండు వారాలకి అన్నయ్య స్నేహితుల్ని పిలిచాడు. నలభై మంది. నానమ్మ అప్పటికే అక్కడే ఉంది, ఆర్నెల్లకని వెళ్ళింది. తాతయ్య పోయిన దగ్గర్నుంచి నానమ్మ నీచు ముట్టదు. అంతకు ముందు ఆవిడ చేసిన నాటుకోడి పులుసు కోసం నరసరావుపేట నుంచి జనం వచ్చేవాళ్ళని నాన్న చెబుతాడు. నాకు ఆ రుచి సరిగ్గా గుర్తులేదు, చిన్నవాణ్ణి. కట్టెల పొయ్యి మీద ఒక జీవితమంతా వండిన మనిషి అని మాత్రం చెప్పగలను.

ప్లాన్ నాదే. పొద్దున్నే రెండు మేక తొడలు. అవి దించాక, కొక్కేలకి ఆరు కోళ్ళు సగాలుగా కోసి పన్నెండు ముక్కలు ఒక పక్క. రెండో పక్క సగం గ్రేట్ వేసి పనీరు పుల్లలు, మొక్కజొన్న పొత్తులు. వచ్చేవాళ్ళలో నానమ్మతో కలిపి ఏడుగురు శాకాహారులు. షీటు ప్రకారం అందరికీ చోటుంది. 398 చదరపు అంగుళాలు మరి.

మేక బాగానే వచ్చిందట. అన్నట్టు అక్కడి ఇండియన్ స్టోర్లలో మేక మాంసం అంటే అడక్కుండానే కూర ముక్కలు కొట్టేస్తారు. తొడ తొడలాగే కావాలంటే కత్తి ఎత్తకముందే చెప్పాలి.

తేడా కొట్టింది కోళ్ళ దగ్గర. వచ్చినవాళ్ళందరికీ డ్రమ్ములో ఏముందో చూడాలని సరదా. అన్నయ్యకి చూపించాలని అంతకంటే సరదా. ప్రతి పది నిమిషాలకీ మూత ఎత్తాడు. మూత ఎత్తినప్పుడల్లా లోపలికి ఆక్సిజన్ పోతుంది, నిప్పులు రాజుకుంటాయి. పెద్ద డ్రమ్ము కాబట్టి బుట్ట పెద్దది. బుట్ట పెద్దది కాబట్టి నిండా బొగ్గు పోశాడు. నిజానికి అందులో కొంచెమే వెలిగించి, మిగతాది మెల్లగా అంటుకోనివ్వాలి. దాన్ని మినియన్ పద్ధతి అంటారు. ఆ పసుపుపచ్చ బొమ్మలకీ దీనికీ సంబంధం లేదు, జిమ్ మినియన్ అనే ఆయన పేరు మీద వచ్చింది. మూత మాటిమాటికీ ఎత్తితే ఆ పద్ధతి గంగలో కలిసినట్టే. మొత్తం బొగ్గు ఒకేసారి అంటుకుంది. డ్రమ్ములో వేడి పెంచడం తేలిక, దించడం కష్టం. రంధ్రాలన్నీ మూసినా, ఎర్రబడిన ఐదు కిలోల బొగ్గు, దాని చుట్టూ కాలిన ఇనుము చల్లారడానికి చాలాసేపు పడుతుంది. తోలు నల్లబడింది, ఎముక దగ్గర ఇంకా గులాబీ రంగే. కోడి లోపల 165 ఫారన్‌హీట్, మన లెక్కలో 74, తగిలితే గానీ తినకూడదు. చివరికి ఓవెన్‌లో పెట్టి గట్టెక్కించారు.

నానమ్మ దూరంగా నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంది. థర్మామీటర్ చూడకుండానే, "మంట మీరిందిరా, కొవ్వు మాడు వాసన వస్తోంది" అని రెండుసార్లు అందట. ఎవరు వింటారు? యాప్ ఉంది కదా. ఆ యాప్ సూచించింది కూడా నేనే.

తర్వాత వదిన ప్లేటులో పనీరు, మొక్కజొన్న పెట్టి నానమ్మకి ఇచ్చింది. నానమ్మ ప్లేటు చూసి, డ్రమ్ము చూసి, ఒక్క ప్రశ్న అడిగింది.

"ఆ కోళ్ళ పొగేగా అమ్మా దీనికీ పట్టింది?"

దానికి ఎవరి దగ్గరా సమాధానం లేదు. గ్రేట్ వేరే. పుల్లలు వేరే. పట్టుకున్న పటకారు కూడా వేరే, వదిన అంత జాగ్రత్త పడింది. కానీ పొగ ఒక్కటే. కొవ్వు నిప్పుల మీద పడి లేచిన పొగ, ఆ పీపాలో ఉన్న ప్రతి వస్తువుకీ పడుతుంది. డ్రమ్ స్మోకర్ పని చేసేదే అలాగ. దాని గొప్పతనం అని రివ్యూల్లో రాసే విషయమే నానమ్మకి అభ్యంతరం. నానమ్మ గొడవేం చేయలేదు. పెరుగన్నం కలుపుకుని ఆవకాయతో తినేసింది. ఆ మాట విన్న మిగతా ఆరుగురు శాకాహారుల్లో నలుగురు మెల్లగా పనీరు వదిలేసి పులిహోర వైపు వెళ్ళారని వదిన తర్వాత చెప్పింది.

నా షీటులో పద్నాలుగు కాలమ్‌లు ఉన్నాయి. వ్యాసం, ఎత్తు, బరువు, ధర, వారంటీ, చదరపు అంగుళాలు. నానమ్మ అడిగింది వాటిలో ఏ కాలమ్‌లోనూ లేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ ఆర్నెల్లు ఉండేది, అందులో మనవడు ఇల్లు కొన్న సంబరం ఒక్క రోజు. ఆ రోజు నలభై మందికి సరిపోయేలా సైజు చూసిన నేను, ఆవిడకి మాత్రం పెరుగన్నం మిగిల్చాను.

ఆ తర్వాత నేను ఈ విషయం మీద మళ్ళీ మొదట్నుంచి చదివాను, లెక్కలు మళ్ళీ వేశాను. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. మారిన అభిప్రాయం ఇది: డ్రమ్ సైజు అడిగేటప్పుడు ఎంత చోటు కావాలని కాదు, ఎన్ని మంటలు కావాలని అడగాలి. ఇంట్లో మామూలు ఆదివారం ఎంతమంది తింటారో అంతకి సరిపోయేది ఒకటి కొనాలి. జనం ఎక్కువైతే అదే సైజుది ఇంకొకటి పక్కన పెట్టాలి. పెద్దదానికి పోకూడదు.

లెక్క చూపిస్తాను. 18.5 అంగుళాలవి రెండు కలిపితే 538 చదరపు అంగుళాలు. 22.5 ది ఒకటి 398. రెండు మధ్యవి కలిస్తే ఒక పెద్దదాని కంటే 35 శాతం ఎక్కువ. ఒకదాన్లో కోళ్ళు, ఇంకోదాన్లో పనీరు. ఒకదాని పొగ ఇంకోదానికి పోదు. ఒకటి 275 లో పెట్టి, ఇంకోటి 225 లో పెట్టుకోవచ్చు. ఒకదాని మంట చేయి దాటిపోయినా రెండోది ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఒక పెద్ద సర్వర్ కంటే రెండు చిన్నవి నయం, ఒకటి పడిపోయినా సైటు నడుస్తుంది.

ఇక ఖాళీ చోటు ఖర్చు. స్మోకర్‌లో బొగ్గు మాంసాన్ని మాత్రమే వేడి చేయదు, మొత్తం పీపాని వేడిగా ఉంచుతుంది. వేడి పోయేది ఇనప గోడల్లోంచి, మూతలోంచి. 55 గ్యాలన్ల పీపా 22.5 అంగుళాల వెడల్పు, సుమారు 34 అంగుళాల ఎత్తు. పైన కింద కలిపి దాని ఒంటి వైశాల్యం దాదాపు 3,200 చదరపు అంగుళాలు. 30 గ్యాలన్లది 18.5 వెడల్పు, 29 ఎత్తు అనుకుంటే సుమారు 2,200. అంటే ఒకే వేడి దగ్గర నిలబెట్టాలంటే పెద్దదాని ఒంట్లోంచి 44 శాతం ఎక్కువ వేడి బయటికి పోతుంది. లోపల ఆరు కోళ్ళున్నా ఒక్క కోడి ఉన్నా ఆ ఖర్చు అంతే. నలుగురున్న ఇంట్లో ఆదివారం ఒక కోడి కోసం అంత బొగ్గు కాల్చడానికి ఎవరికి మనసొస్తుంది? అన్నయ్యకి రాలేదు. పార్టీ తర్వాత నాలుగు నెలల్లో ఆ డ్రమ్ము మూడుసార్లు వెలిగింది. మిగతా రోజులన్నీ కవరు కప్పుకుని పెరట్లో నిలబడి ఉంది. వీడియో కాల్‌లో వెనకాల కనబడుతుంటుంది. నేను కెమెరా వైపు చూడను.

దీనివల్ల ఇంకో నష్టం ఉంది, బొగ్గు ఖర్చు కంటే అదే పెద్దది. వెలిగించకపోతే చేయి తిరగదు. ఏ రంధ్రం ఎంత తెరిస్తే ఎంత వేడి వస్తుంది, గాలి వీచే రోజు ఏం చేయాలి, ఏ వాసన వస్తే మంట మీరినట్టు అనేవి మాన్యువల్లో ఉండవు. వారం వారం వెలిగించినవాడికే తెలుస్తాయి. నానమ్మకి కుర్చీలోంచి తెలిసింది అలాగే. చిన్న డ్రమ్ము కొని ఉంటే ఆ పార్టీ నాటికి అన్నయ్య కనీసం నాలుగైదుసార్లు వండి ఉండేవాడు. తొలిసారి వెలిగించడమే నలభై మంది ముందు వెలిగించాడు. ఆ సలహా కూడా ఎవరిదో చెప్పక్కర్లేదు.

రివ్యూల గురించి ఒక మాట. అమెరికన్ రివ్యూలన్నీ చోటుని బ్రిస్కెట్‌లలో, పక్కటెముకల పట్టీలలో కొలుస్తాయి. "ఎనిమిది పట్టీలు పడతాయి" అంటారు. మా ఇంట్లో అవి వండరు, కాబట్టి ఆ అంకె నాకు ఏ పనికీ రాదు. మనిషికి అర పౌను వండిన మాంసం అని లెక్క చెబుతారు. అది మాంసమే భోజనం అయినవాళ్ళ లెక్క. మన పార్టీలో బిర్యానీ ఉంటుంది, పప్పు ఉంటుంది, రెండు వేపుళ్ళు, సాంబారు, చివర్లో పెరుగు. కోడి అందులో ఒక ఐటమ్. మనిషికి పావు కోడి చాలు. కొక్కేలకి వేలాడదీస్తే 18.5 అంగుళాల దాన్లో మూడు నాలుగు కోళ్ళు పడతాయి. అంటే పన్నెండు నుంచి పదహారు మంది. ఫ్రిస్కోలో ఒక ఇంటికి మామూలు వీకెండ్‌లో వచ్చేది ఇంతకంటే ఎక్కువ కాదు, మూడు కుటుంబాలు వస్తే జాతరే.

మరి 22.5 అంగుళాలదే ప్రమాణం అని ఎందుకు అంటారు? నేనూ మొదట అదే నమ్మాను. ప్రమాణం అంటే ఎవరో వంట తెలిసినవాళ్ళు ఆలోచించి పెట్టిన కొలత అనుకున్నాను. అసలు సంగతి వేరే. అది సరుకు రవాణా పీపా కొలత. ఉక్కు పీపా మీద 1905 లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నది హెన్రీ వెర్‌హాన్ అనే ఉద్యోగి. ఆయన పనిచేసిన కంపెనీ నడిపింది ఎవరనుకున్నారు? నెల్లీ బ్లై. 72 రోజుల్లో ప్రపంచం చుట్టి వచ్చిన జర్నలిస్టు ఆవిడే. పేటెంట్ ఆవిడకే రాసిచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంధనం మోయడానికి 55 గ్యాలన్ల పీపాలు లెక్కలేనన్ని తిరిగాయి. నూనె, రసాయనాలు, టమాటా గుజ్జు అన్నీ ఆ పీపాల్లోనే. ఖాళీ అయినవి చవగ్గా దొరికేవి. జమైకాలో వాటిని నిలువునా రెండుగా కోసి జెర్క్ చికెన్ కాల్చే పొయ్యిలు చేసుకున్నారు. అమెరికాలో పెరట్లో నిలబెట్టి రంధ్రాలు కొట్టి స్మోకర్లు చేసుకున్నారు, వాటికి ముద్దుగా 'అగ్లీ డ్రమ్ స్మోకర్' అని పేరు. మాంసానికి ఈ వెడల్పే మంచిదని ఎవరూ కనిపెట్టలేదు. చెత్తలో దొరికిన సైజు అది, అలవాటైపోయింది.

చెత్త అన్నాను కాబట్టి మన ఫెస్ట్ కమిటీ వాళ్ళకి ఒక విన్నపం. ఈసారి ఫుడ్ స్టాల్‌కి పాత సామాన్ల షాపులో పీపా తెచ్చి మనమే స్మోకర్ చేద్దామని గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఉత్సాహం బాగుంది. కానీ ఆ పీపాలో ముందు ఏముందో తెలియకపోతే దాన్ని ముట్టుకోవద్దు. ఖాళీగా కనబడే పీపాలో మండే ద్రవం ఆవిరి మిగిలి ఉంటే గ్రైండర్ నిప్పురవ్వకే పేలుతుంది. కొన్నిటికి లోపల ఎపాక్సీ పూత ఉంటుంది, దాన్ని పూర్తిగా కాల్చి గీకితే తప్ప వంటకి పనికిరాదు. జింక్ పూత పూసినవి అసలే వద్దు, బాగా వేడెక్కితే వచ్చే పొగ పీల్చకూడదు. పూత లేని కొత్త పీపా, లేదా తిండి పదార్థాలు నింపినదే అని ఖాయంగా తెలిసిన పీపా మాత్రమే. అది దొరక్కపోతే మానేద్దాం, మిరపకాయ బజ్జీలకి ఏం తక్కువ.

పెద్ద డ్రమ్ము ఎవరికీ వద్దని కాదు నేననేది. బ్రిస్కెట్ మొత్తంగా వండేవాళ్ళకి 22.5 అంగుళాలే కావాలి, ఆ ముక్క పొడుగు వల్ల చిన్న గ్రేట్ మీద చదునుగా పట్టదు. నెలకి రెండుసార్లు పార్కులో తెలుగు సంఘం పిక్నిక్‌కి వండే బ్యాచ్ ఉంటుంది, వాళ్ళకీ పెద్దదే మంచిది, వాళ్ళకి అది మామూలు ఆదివారమే కదా. ఎత్తు విషయంలోనూ పెద్దదానికి ఒక సుఖం ఉంది. సొంతంగా డ్రమ్ము చేసుకునేవాళ్ళు బొగ్గుకీ గ్రేట్‌కీ మధ్య సుమారు 24 అంగుళాలు ఉంచుతారు. 34 అంగుళాల పీపాలో కింద బూడిదకి మూడు, పైన మూత దగ్గర ఏడు పోతే సరిగ్గా అంత మిగులుతుంది. చిన్న పీపాల్లో ఆ దూరం తగ్గుతుంది, వేలాడదీసిన ముక్క కొస మాడే అవకాశం ఎక్కువ. 14 అంగుళాలదాన్లో ఇంకా ఎక్కువ. అందుకే నేను 14 కి కూడా ఓటు వెయ్యను, ఇద్దరే ఉండే ఇల్లయితే తప్ప.

రెండు డ్రమ్ముల మాట అన్నయ్యకి చెబితే ఆయన అడిగినవి న్యాయమైన ప్రశ్నలే. రెండు కొంటే ఒక పెద్దదాని కంటే ఖర్చు ఎక్కువ కాదా? ఎక్కువే. పెరట్లో చోటు? పోతుంది. "రెండు మంటలు ఎవడు చూస్తాడ్రా?" దీనికి మాత్రం నా దగ్గర సమాధానం ఉంది. రెండో మంట చూడగలిగిన మనిషి ఆ ఇంట్లో అక్టోబరు దాకా ఉంటుంది. ఆవిడకి యాప్ కూడా అక్కర్లేదు.

అన్నయ్య పెద్దదాన్ని అమ్మేయలేదు, ఉండనీ అన్నాడు. దాని పక్కనే 18.5 అంగుళాలది తెచ్చి పెట్టాడు. పోయిన వారం వదిన దాని మూత మీద తెల్ల పెయింట్‌తో 'శాఖ' అని రాసింది. మాంసం అందులోకి ఎప్పటికీ పోదని పిల్లలకి కూడా చెప్పేసింది. పొగ కోసం మెస్కీట్ చెక్క బస్తా తెచ్చారు. టెక్సస్‌లో అది కంపలాగా పెరుగుతుంది. నానమ్మ ఒక చెక్క ముక్క తీసుకుని వాసన చూసి, "ఇది మన సర్కారు తుమ్మలా ఉందే" అంది. నేను వెతికి చూశాను. రెండూ ఒకే జాతివి, ప్రోసోపిస్. పల్నాడులో జనం కొట్టి బొగ్గు చేసే చెట్టుకి అమెరికాలో ఉన్న దగ్గరి చుట్టం.

నిన్న రాత్రి నానమ్మే ఫోన్ చేసింది. ఆదివారం కొత్త డ్రమ్ము వెలిగిస్తున్నారట. పొత్తులు ఎన్ని పడతాయో లెక్కేసి చెప్పమంది. వేలాడదీస్తే పన్నెండు, గ్రేట్ మీద పేరిస్తే పది అని చెప్పాను.

"సరేగానీ, తొక్క వలవొద్దని చెప్పు మీ అన్నయ్యకి. తొక్కతోనే పెట్టమను. నేను చెబితే వినడు, నువ్వు కంప్యూటర్‌లో చూసి చెప్పానని చెప్పు."

చెప్పాను.